ఏడాదికి ఒక్కటే గుడ్డు: రాబందు గూటికి కెమెరా కాపలా

మార్కాపురం: ఎద్దు చచ్చినా, గేదె చచ్చినా ఊరి బయట బీడులోకి ఈడ్చి వస్తే చాలు, ఆ తర్వాత సంగతి ఎవరూ చూడనక్కరలేని రోజులుండేవి. పొద్దెక్కి, నేల కాగి, వేడిగాలి పైకి లేచే వేళకు ఆకాశంలో నల్లచుక్కలు కనిపించేవి. అవి సుడులు తిరుగుతూ కిందికి దిగి రెక్కలు ముడిస్తే ఒక్కొక్కటి మేకపిల్లంత ఉండేది. ఒకదాన్నొకటి తోసుకుంటూ, పొడుచుకుంటూ అవి పని ముగించేసరికి ఎముకల గూడు తప్ప మరేమీ మిగిలేది కాదు. మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాల్లో యాభై దాటిన రైతుల్లో ఈ దృశ్యం ఎరగనివారు అరుదు. వారి మనవలు మాత్రం రాబందును బొమ్మలోనే చూశారు.

ఇప్పుడు ఆ రాబందే సెల్‌ఫోన్‌లోకి వచ్చింది. అమెరికాలోని కాలిఫోర్నియా కొండల్లో రాబందు జాతికి చెందిన కాండార్ అనే పెద్ద పక్షి గూటి దగ్గర కెమెరా పెట్టి, అక్కడ జరిగేదంతా జరుగుతుండగానే లోకానికి చూపడం 2015లో మొదలైంది. ఇంటర్నెట్ ఉంటే చాలు, కాలిఫోర్నియాలో ఉన్నవారైనా కంభంలో ఉన్నవారైనా ఆ గూటిలోకి తొంగి చూడవచ్చు. మన దేశంలో హర్యానా రాష్ట్రం పింజోర్‌లోని రాబందుల సంరక్షణ, సంతానోత్పత్తి కేంద్రంలో కూడా గూళ్ళపై సీసీ కెమెరాలు పెట్టి పక్షులను గమనిస్తున్నారు.

గూటిలో పక్షి కూర్చుని ఉంటే చూడడానికి ఏముంటుందని ఎవరికైనా అనిపించవచ్చు. ఆ గూటికీ, మన పశువుల కొట్టానికీ సంబంధమేమిటన్న ప్రశ్న కూడా రావచ్చు. సంబంధం ఉంది. మన ఆకాశం ఎందుకు ఖాళీ అయిందో, మళ్ళీ నిండడానికి ఎంతకాలం పడుతుందో ఆ గూళ్ళే చెబుతున్నాయి.

కార్తీకంలో పుల్లలు, సంక్రాంతికి పిల్ల

ఒకప్పుడు మన దేశంలో ఎక్కడ చూసినా కనిపించిన తెల్లవీపు రాబందు ఎత్తయిన చెట్ల మీద గూడు కడుతుంది. పొడుగుముక్కు రాబందు మాత్రం నిటారుగా ఉన్న కొండచరియల అంచులనే ఎంచుకుంటుంది. రెండింటి సంసారమూ దాదాపు ఒకే తీరు. వర్షాలు వెనకపట్టి చలి మొదలయ్యే వేళకు ఆడ, మగ రెండూ పుల్లలు, ఆకులు, రెమ్మలు ఏరి తెస్తాయి. ఒకసారి జత కట్టినవి ఏళ్ళ తరబడి కలిసే ఉంటాయి. పాత గూటినే మళ్ళీ బాగుచేసుకోవడం కూడా కద్దు.

కార్తీక, మార్గశిర మాసాల్లో ఆడపక్షి గుడ్డు పెడుతుంది. అదీ ఒక్కటే. కోడి పెట్టినట్టు వరుసగా పెట్టదు, పావురంలా రెండైనా పెట్టదు.

ఆ ఒక్క గుడ్డును దాదాపు 50 నుంచి 55 రోజులు పొదుగుతాయి. మన కోడి 21 రోజుల్లో పిల్లను లేపుతుంది, అందులోనూ పుంజు చేసే సాయం ఏమీ ఉండదు. రాబందుల్లో అలా కాదు. ఆడపక్షి మేతకు వెళితే మగపక్షి గుడ్డు మీద కూర్చుంటుంది. అది వచ్చాక ఇది వెళుతుంది. గుడ్డు చల్లబడకుండా, ఎండ తగలకుండా, కాకులూ గద్దలూ ఎత్తుకుపోకుండా ఎప్పుడూ ఒకటి గూటిని కనిపెట్టుకుని ఉండాల్సిందే.

కెమెరా ముందు కూర్చున్నవారికి ఈ రోజుల్లో కనిపించేది చాలా తక్కువ. గంటల తరబడి పక్షి కదలదు. ఒకసారి లేచి ముక్కుతో గుడ్డును మెల్లగా దొర్లించి, రెండోవైపు తిప్పి మళ్ళీ కూర్చుంటుంది. ఎప్పటికో జంటపక్షి వచ్చి వాలుతుంది. నోట్లో ఒక పుల్ల ఉంటే ఉంటుంది. కూర్చున్నది లేస్తుంది, వచ్చింది కూర్చుంటుంది. అంతే. అయితే గమనించేవారికి ఆ కొద్దిపాటి కదలికే ముఖ్యం. మార్పిడి సకాలంలో జరిగితే గుడ్డు బతికి ఉన్నట్టు. గూడు ఎక్కువసేపు ఖాళీగా ఉంటే ఏదో కీడు జరిగినట్టు.

మార్గశిరం ముందు పెట్టిన గుడ్డు సంక్రాంతి ప్రాంతంలో పగులుతుంది. బయటపడిన పిల్లకు ఒంటి నిండా నూగు తప్ప ఈకలుండవు. తల నిలపలేదు. మేతకు వెళ్ళిన పక్షి మాంసాన్ని గొంతుసంచిలో నింపుకుని వచ్చి, గూటి దగ్గర కక్కి పిల్లకు పెడుతుంది. మొదట్లో చిన్న చిన్న ముక్కలు, పిల్ల పెరిగేకొద్దీ పెద్ద ముద్దలు. ఉగాది నాటికి పిల్లకు నల్ల ఈకలు మొలుస్తాయి. గూటి అంచున నిలబడి రెక్కలు ఆడిస్తుంది, జారిపోబోయి నిలదొక్కుకుంటుంది. ఎండలు ముదిరే వైశాఖానికి, అంటే పుట్టిన మూడు, నాలుగు నెలలకు తొలిసారి ఎగురుతుంది. ఎగిరిన తర్వాత కూడా కొంతకాలం తల్లిదండ్రులు తెచ్చే మేత మీదే ఆధారపడుతుంది.

పుల్ల ఏరినప్పటి నుంచి పిల్ల సొంతంగా మేత వెతుక్కునే వరకు లెక్క వేస్తే ఏడాదిలో ఎక్కువ భాగం ఆ ఒక్క పిల్లకే సరిపోతుంది. ఆ పిల్ల పెద్దదై తాను గుడ్డు పెట్టడానికి మళ్ళీ దాదాపు 5 ఏళ్ళు పడుతుంది. ఈ మధ్యలో గుడ్డు మురిగిపోవచ్చు, పిల్ల గూటి నుంచి జారిపడవచ్చు. అలా జరిగితే ఆ ఏడాది శ్రమంతా వృథాయే.

గేదె మూడు, నాలుగేళ్ళకు ఈనుతుంది. మేక ఏడాదిన్నర తిరిగేసరికి పిల్లలతో కనిపిస్తుంది. రాబందు సంతతి పెరగడం మేక కంటే, గేదె కంటే కూడా నిదానం. ప్రకృతి దానికి పిల్లలను తక్కువిచ్చి ఆయుష్షు ఎక్కువిచ్చింది. పెద్ద పక్షులు ఏళ్ళ తరబడి బతికితేనే ఆ వంశం నిలుస్తుంది. పెద్దవి గుంపుగా చచ్చిపోతే ఏడాదికొక పిల్ల ఆ లోటు పూడ్చలేదు. మన దేశంలో సరిగ్గా అదే జరిగింది.

మెడలు వాల్చిన పక్షులు

1980లలో దేశంలో దాదాపు 4 కోట్ల రాబందులు ఉండేవని ఒక అంచనా. చెట్ల మీద, కబేళాల దగ్గర, ఊరి చివర దిబ్బల మీద గుంపులు గుంపులుగా కనిపించేవి. 1990లలో రాజస్థాన్ రాష్ట్రం భరత్‌పూర్‌లోని కేవలాదేవ్ జాతీయవనంలో రాబందులను లెక్కిస్తున్న పక్షిశాస్త్రవేత్త విభు ప్రకాశ్ వింత సంగతి గమనించారు. పక్షులు కొమ్మల మీద మెడలు కిందికి వాల్చి రోజుల తరబడి మగతగా కూర్చునేవి. తర్వాత చెట్టు కింద చచ్చిపడి ఉండేవి. గూళ్ళు ఖాళీ అయ్యాయి. 1999 నాటికి ఈ సంగతి పక్షిశాస్త్రవేత్తలందరికీ తెలిసింది.

మొదట ఏదో అంటురోగమని అనుకున్నారు. మేత చాలడం లేదని కొందరు, పురుగుమందుల ప్రభావమని కొందరు అన్నారు. అసలు కారణం 2004లో బయటపడింది. లిండ్సే ఓక్స్ అనే పశువైద్య శాస్త్రవేత్త బృందం పాకిస్తాన్‌లోని పంజాబ్‌లో చచ్చిన తెల్లవీపు రాబందులను కోసి పరీక్షించింది. వాటి గుండె, కాలేయం మీద సున్నం చల్లినట్టు తెల్లని పూత కనిపించింది. మూత్రపిండాలు పాడైపోయి, బయటకు పోవలసిన యూరిక్ ఆమ్లం లోపలే పేరుకుపోయిన గుర్తు అది. ఆ పక్షుల మూత్రపిండాల్లో డైక్లోఫెనాక్ ఉన్నట్టు తేలింది.

డైక్లోఫెనాక్ అంటే మనుషులు నొప్పులకు వాడే మందే. 1990లలో అది పశువులకు కూడా చౌకగా దొరకసాగింది. ఎద్దు కుంటినా, గేదె పొదుగు వాచినా, జ్వరం వచ్చినా ఒక సూది వేస్తే పశువు ఆ పూటకు తేరుకునేది. రైతుకు అంతకంటే కావలసిందేముంది? అయితే సూది వేసిన కొద్ది రోజుల్లోనే పశువు చనిపోతే మందు దాని ఒంట్లోనే ఉండిపోతుంది. ఆ కళేబరాన్ని తిన్న రాబందు రోజుల్లోనే చచ్చిపోతుంది.

పోయిన వాటి లెక్క వింటే గుండె ఝల్లుమంటుంది. 1992, 2007 మధ్య తెల్లవీపు రాబందులు నూటికి 99.9 వంతుల మేర తగ్గిపోయాయి. వెయ్యి ఉన్న చోట ఒకటి మిగిలిందన్న మాట. పొడుగుముక్కు, సన్నముక్కు రాబందులు కలిపి నూటికి దాదాపు 97 పోయాయి.

ఇన్ని కోట్ల పక్షులు చావాలంటే దేశంలోని కళేబరాలన్నిటిలో విషం ఉండాలా అనే అనుమానం రావచ్చు. అక్కర లేదు. నూరు కళేబరాల్లో ఒక్కదానిలో ఉన్నా, అంతకంటే తక్కువలో ఉన్నా ఈ వినాశానికి సరిపోతుందని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఒక్క గొడ్డు మీద పదుల కొద్దీ రాబందులు వాలుతాయి. అవి ఒకచోట తిని మరోచోట నిద్రించే పక్షులు. ఏడాది పొడుగునా ఎన్నో కళేబరాల మీద వాలుతాయి. అందులో ఒక్కటి విషమైతే చాలు, గుంపంతా పోతుంది. గూటిలో పిల్ల ఉన్నా దానికి మేత తెచ్చేవారుండరు.

కెమెరా నేర్పిన పాఠం

ఆ సమయంలో మిగిలిన కొద్ది పక్షులను బతికించడానికి బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ, హర్యానా అటవీశాఖ కలిసి పింజోర్‌లో 2001లో రాబందుల సంరక్షణ కేంద్రం మొదలుపెట్టాయి. 2004లో అది సంతానోత్పత్తి కేంద్రమైంది. కేంద్ర జూ సంస్థ తోడ్పాటుతో మన హైదరాబాదు నెహ్రూ జంతు ప్రదర్శనశాలతో పాటు భోపాల్, జునాగఢ్, భువనేశ్వర్‌లలో కూడా రాబందులను పెంచే ఏర్పాటు జరిగింది.

రాబందు బెదురు పక్షి. గూటి దగ్గర మనిషి అలికిడి అయితే గుడ్డు వదిలి లేస్తుంది. కంగారులో గుడ్డు పగిలినా పగలవచ్చు. అందుకే పింజోర్‌లో పెద్ద పెద్ద పందిళ్ళ వంటి పంజరాల్లో అరుగులు కట్టి, పుల్లలు వేసి పక్షులను వాటి మానాన వదిలారు. మనుషులు దూరాన గదిలో తెర ముందు కూర్చుంటారు. ఏ జంట గూడు కడుతోంది, ఎప్పుడు గుడ్డు పెట్టింది, ఎవరు పొదుగుతున్నారు, పిల్ల మేత తింటోందా లేదా అన్నీ కెమెరా ద్వారానే తెలుసుకుంటారు.

అలా గమనించడం వల్ల మరొక మార్గం కూడా దొరికింది. ఆ ఏడాది పెట్టిన మొదటి గుడ్డు తొందరగా పోతే కొన్ని జంటలు కొన్ని వారాలకు రెండో గుడ్డు పెడతాయి. అందుచేత మొదటి గుడ్డును జాగ్రత్తగా తీసి ఇంక్యుబేటర్‌లో పొదిగిస్తారు. జంట పెట్టే రెండో గుడ్డును దానికే వదిలేస్తారు. ఒక్క పిల్ల రావలసిన ఏడాదిలో రెండు పిల్లలు వచ్చే అవకాశం ఉంటుంది.

అక్కడ మేతగా ఇచ్చే మేకలను కూడా తెచ్చిన రోజే కోయరు. వాటి ఒంట్లో ఏదైనా మందు ఉంటే పోయేందుకు కొన్ని రోజులు ఉంచి ఆ తర్వాతే కోస్తారు. పక్షులను కాపాడే కేంద్రంలోనే మేత గురించి అంత జాగ్రత్త పడుతుంటే, బయట బీడులో పడే కళేబరం సంగతి చెప్పేదేముంది!

2020 అక్టోబరులో పింజోర్ కేంద్రం నుంచి 8 తెల్లవీపు రాబందులకు ఉపగ్రహ పరికరాలు కట్టి బయటకు వదిలారు. పంజరంలో పెంచడం ఒక ఎత్తు, వదలడం మరో ఎత్తు. వదిలిన పక్షి ఏ ఊళ్ళో ఏ గొడ్డు మీద వాలుతుందో ఎవరి చేతుల్లోనూ లేదు. అందుకే చుట్టుపక్కల పశువులకు వాడే మందుల సంగతి తేల్చుకోకుండా పక్షులను వదలడానికి వారు తొందరపడలేదు.

కాలిఫోర్నియా కాండార్ కథ కూడా ఇటువంటిదే. 1982లో ప్రపంచం మొత్తం మీద 22 పక్షులే మిగిలాయి. 1987లో అడవిలో మిగిలిన చివరి పక్షిని కూడా పట్టి తెచ్చి, పెంపకంలో సంతతి పెంచి, 1992 నుంచి మళ్ళీ వదలడం మొదలుపెట్టారు. ఇప్పుడు వాటి సంఖ్య 500 దాటింది. అక్కడ విషం మందు కాదు, తుపాకి గుండులోని సీసం. వేటగాళ్ళు కొట్టి వదిలేసిన జంతువులను తిని పక్షులు చచ్చేవి. సీసపు గుండ్ల వాడకాన్ని కాలిఫోర్నియా ప్రభుత్వం 2019 జూలై నుంచి పూర్తిగా నిషేధించింది. గూటికి కెమెరా పెట్టినంత మాత్రాన పక్షి బతకదని, అది తినే తిండిని కూడా శుభ్రం చేయాలని అక్కడివారు గ్రహించారు.

స్పెయిన్ దేశంలో 2020లో జరిగిన సంఘటన కూడా గమనించదగినది. అక్కడ 2013లో పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని అనుమతించారు. 2020లో కాటలోనియా ప్రాంతంలోని బూమోర్ట్ అడవుల్లో ఒక నల్ల రాబందు పిల్ల చచ్చిపడి ఉంది. పరీక్షిస్తే కారణం డైక్లోఫెనాక్ అని తేలింది. ఏ దేశమైనా, ఎంత కాపలా ఉన్నా మందు చేసే పని ఒక్కటే.

చట్టం ఉంది, సీసా మారింది

మన ప్రభుత్వం 2006 మే నెలలో పశువుల కోసం డైక్లోఫెనాక్ తయారీని ఆపించింది. 2008లో జంతువులకు వాడేందుకు దాన్ని తయారుచేయడం, అమ్మడం నిషేధిస్తూ ప్రకటన ఇచ్చింది. అయితే మనుషుల మందు దుకాణాల్లో దొరికే పెద్ద సీసాలు పశువుల కొట్టాలకు చేరసాగాయి. మనిషికి కావలసింది కొద్ది మందే, పెద్ద సీసా గొడ్డుకు సరిపోతుంది. దాన్ని అరికట్టేందుకు 2015లో మనుషులకు ఇచ్చే డైక్లోఫెనాక్ సూదిమందు 3 మిల్లీలీటర్లకు మించి ఒకే సీసాలో ఉండరాదని ఆదేశించారు.

ఇంతలో వేరే మందులు రంగంలోకి వచ్చాయి. కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్, నిమెసులైడ్ వంటివి కూడా రాబందులను చంపుతాయని పరిశోధనల్లో తేలింది. ఎసిక్లోఫెనాక్ పశువు ఒంట్లోకి వెళ్ళాక డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. కీటోప్రొఫెన్‌ను బంగ్లాదేశ్ 2021లోనే నిషేధించింది. మన దేశంలో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను పశువులకు వాడరాదని 2023 జూలై 31న, నిమెసులైడ్‌ను వాడరాదని 2024 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది.

పశువు నొప్పితో బాధపడుతుంటే చూస్తూ ఊరుకోమని ఎవరూ చెప్పడం లేదు. మెలాక్సికామ్, టోల్ఫెనమిక్ యాసిడ్ అనే మందులు రాబందులకు హాని చేయవని పరీక్షల్లో తేలింది. మెలాక్సికామ్ మన పశువైద్యులకు కొత్తదేమీ కాదు. నొప్పికీ, వాపుకూ, జ్వరానికీ పనిచేస్తుంది. కాబట్టి పశువును పణంగా పెట్టి పక్షిని కాపాడాల్సిన పరిస్థితి లేదు. సీసా మీద పేరు చూసి అడగడమే కావలసింది.

రాబందు పోతే మనిషికేమి?

పక్షి పోతే పోయింది, మనకేమి నష్టమని అనుకునేవారు లేకపోలేదు. నష్టం లెక్క ఇప్పుడు తేలింది. రాబందు కడుపులోని ఆమ్లం చాలా ఘాటైనది. దొమ్మరోగం వంటి రోగాల క్రిములు కూడా అందులో చాలావరకు నశిస్తాయి. రాబందుల గుంపు గొడ్డును గంటలోపే శుభ్రం చేయగలదు. అవి లేనప్పుడు అదే గొడ్డు రోజుల తరబడి కుళ్ళుతుంది. కుక్కలు, ఎలుకలు చేరతాయి. వాన పడితే ఆ నీరు కుంటల్లోకి, బావుల్లోకి దిగుతుంది. కుక్కల మంద పెరిగిన కొద్దీ కుక్కకాటు, దానితో పాటు పిచ్చికుక్క రోగం భయం పెరుగుతాయి.

ఇయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు రాబందులు ఎక్కువగా ఉండిన జిల్లాలను, లేని జిల్లాలను పోల్చి చూశారు. వారి అధ్యయనం 2024లో వెలువడింది. రాబందులు పోయిన జిల్లాల్లో మనుషుల మరణాలు నూటికి 4కు పైగా పెరిగాయని, 2000 నుంచి 2005 వరకు దేశంలో దాదాపు 5 లక్షల మంది అదనంగా చనిపోయారని వారు లెక్కగట్టారు. ఏడాదికి లక్ష మంది! జీతం, భత్యం అడగకుండా ఊరిని శుభ్రం చేసిన పక్షి విలువ అది పోయాక తెలిసింది.

నల్లమలకు తిరిగి వస్తుందా?

పశ్చిమ ప్రకాశానికి వెన్నుదన్నుగా నల్లమల ఉంది. దోర్నాల, యర్రగొండపాలెం వైపు నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం, గిద్దలూరు వైపు 1990లో ఏర్పడిన గుండ్లబ్రహ్మేశ్వరం అభయారణ్యం విస్తరించి ఉన్నాయి. కొండచరియలున్నాయి, ఎత్తయిన చెట్లున్నాయి, అడవి అంచున వేల సంఖ్యలో పశువులున్నాయి. రాబందుకు కావలసిన ఇల్లు, వాకిలి ఇక్కడ లేకపోలేదు.

అడవిలో కెమెరాలు కూడా మన ప్రాంతానికి కొత్త కాదు. పులులను లెక్కించేందుకు దారికి అటూ ఇటూ జంటగా కెమెరాలు కడతారు. పులికి ఎడమ పక్క చారలు ఒక తీరు, కుడి పక్క చారలు మరో తీరు కాబట్టి రెండు వైపులా ఫొటో కావాలి. ఆ దారులు, అడుగుజాడలు ఎరిగిన చెంచులు అటవీశాఖకు కాపలాదారులుగా తోడ్పడుతున్నారు. పులి ఎక్కడ తిరుగుతోందో కనిపెట్టగలిగిన వారికి కొండ అంచున రాబందు రెట్ట తెల్లగా చారలు కట్టి ఉంటే గుర్తుపట్టడం కష్టం కాదు.

ఆశకు దాఖలా కూడా తెలుగు నేల మీదే ఉంది. 2013లో అప్పటి ఆదిలాబాదు జిల్లా, ఇప్పటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని బెజ్జూరు అడవుల్లో, పాలరాపు గుట్ట చరియల మీద పొడుగుముక్కు రాబందులు గూళ్ళు కట్టుకుని ఉన్నట్టు బయటపడింది. కనిపించకుండా పోయాయనుకున్న పక్షులు అప్పుడు అక్కడ గుట్టుగా సంసారం చేసుకుంటూ కనిపించాయి. కర్ణాటకలో ‘షోలే’ సినిమా తీసిన రామనగరం కొండల్లోని రామదేవర బెట్టను కూడా 2012లో రాబందుల అభయారణ్యంగా ప్రకటించారు. రాబందుకు రాష్ట్రాల సరిహద్దులు లేవు. మేత కోసం ఒక్క రోజులో వంద కిలోమీటర్లకు పైగా తిరగగలదు. ఎక్కడో మిగిలిన పక్షి ఇటు రాదని చెప్పలేం. వస్తే అది మొదట చూసేది కొండను కాదు, మన ఊరి బయటి కళేబరాన్నే.

ఈ విషయంలో నేపాల్ గ్రామస్థులు చేసిన పని చెప్పుకోదగినది. పిఠౌలీ అనే ఊళ్ళో ముసలి పశువులను చేరదీసి, అవి సహజంగా చనిపోయేవరకు మేపి, విషం లేని ఆ కళేబరాలనే రాబందులకు పెట్టారు. దానికి వారు ‘జటాయు రెస్టారెంట్’ అని పేరు పెట్టుకున్నారు. ఆ దేశం కూడా 2006లోనే పశువుల డైక్లోఫెనాక్‌ను నిషేధించింది. ప్రస్తుతం నేపాల్‌లో రాబందులు తిరిగి కోలుకుంటున్న సూచనలు కనిపిస్తున్నాయి.

చేయవలసినవి కొన్నే

మన ప్రాంతంలో చేయవలసిన పనులు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. పశువైద్యుడు గానీ, గోపాలమిత్ర గానీ సూది వేసేముందు మందు పేరు అడగాలి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్, నిమెసులైడ్ అయితే వద్దనాలి, మెలాక్సికామ్ ఇవ్వమని కోరాలి. మనుషుల మందు దుకాణం నుంచి తెచ్చిన సూదిమందును పశువుకు వేయరాదు. సూది వేసిన పశువు కొద్ది రోజుల్లోనే చనిపోతే దాన్ని బీడులో వదలకుండా లోతుగా పాతిపెట్టాలి. దొమ్మరోగం అనుమానం ఉంటే కళేబరాన్ని కోయకుండా, కదిలించకుండా వెంటనే పశువైద్యశాలకు తెలపాలి.

చిరుతపులి గానీ, కుక్కలు గానీ పశువును చంపాయన్న కోపంతో కళేబరం మీద పురుగుమందు చల్లడం మరో పెద్ద ప్రమాదం. ఆ విషం ఎవరి కోసం పెట్టినా ముందు తినేది ఆకాశం నుంచి దిగే పక్షే.

నిషేధించిన మందుల పేర్లు తెలుగులో రాసి ప్రతి పశువైద్యశాల గోడ మీద, రైతు సేవాకేంద్రాల్లో అతికిస్తే సగం పని జరిగినట్టే. మందుల దుకాణాలపై తనిఖీలు జరిగితే మిగతా సగం జరుగుతుంది. పశుసంవర్ధక శాఖ, ఔషధ నియంత్రణ శాఖ, అటవీశాఖ ముగ్గురూ కలిసి చేయవలసిన పని ఇది. ఒక్క శాఖ వల్ల అయ్యేది కాదు.

సీతమ్మను కాపాడబోయి రెక్కలు పోగొట్టుకున్న జటాయువు కథ ప్రతి ఇంట్లో చెప్పుకుంటారు. లేపాక్షికి వెళ్ళినవారు ఆ పక్షి పడిన చోటు ఇదేనని చెప్పుకుంటారు. ఆనాటి జటాయువు రావణుడి కత్తికి పడిపోయింది. ఈనాటి జటాయువు రైతు తెలియక వేయించిన సూదికి పడిపోయింది. కత్తిని ఆపడం ఆ రోజు ఎవరి వల్లా కాలేదు. సూదిని ఆపడం మాత్రం ఎవరైనా చేయగల పని.

కాలిఫోర్నియా గూటిని చూసి ముచ్చటపడడంలో తప్పు లేదు. ఆ కెమెరా ఒక రోజు నల్లమల చరియ మీదికి కూడా రావచ్చు. కాని కెమెరా కంటే ముందు గూడు రావాలి, గూడు కంటే ముందు పక్షి రావాలి, పక్షి రావాలంటే ఇక్కడ అది తినే తిండిలో విషం ఉండకూడదు. ఏడాదికి ఒక్క గుడ్డు పెట్టే పక్షి ఒక్కసారి మోసపోతే మళ్ళీ కోలుకోవడానికి ఒక తరం పడుతుంది. అందుచేత పశువు కొట్టంలో సూది పట్టుకున్నవారిని రైతు అడిగే చిన్న ప్రశ్నకు ఇప్పుడు ఇంత విలువ వచ్చింది: ‘అయ్యా, ఈ సీసాలో ఉన్న మందు పేరేమిటి?’